డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము

నియోగి సోదరులు గర్వముతోఁ దలఁచుకొను పేరులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ముఖ్యమైనది. మహాపురుషుల నామస్మరణము సులభము. వారు పడిన కష్టమును, ఆ కష్టములో వారికిఁ దోడైనవారిని స్మరించుట యంత సులభము గాదు. ఈ సభా సంచికయందు ఆ రెండవ పనిని యథాశక్తిఁ జేయఁబూనితిని.

సుబ్బారావుగారు 1895 సం. జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. రాజమహేంద్రవరమునఁ జదువుచుండఁగా బంధుమరణములచే విద్యకు విఘ్నములు కలిగెను. మెట్రిక్యులేషను పరీక్షలో మూఁడవ పర్యాయమునఁ గాని వారు కృతార్థులు కాలేదు. పిమ్మట చెన్నపురి వైద్యకళాశాలలోఁ జేరిరి. గాంధీమహాత్ముని ప్రబోధము ననుసరించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకుఁ బోయినందున ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకుఁ బాత్రులైరి. ఫలితముగా యం.బి.బి.యస్. పట్టము దొరకలేదు, అంతకుఁ దక్కువదియగు యల్.యం.యస్. మాత్రమే లభించెను.

వారి యిరువురు సోదరులు సంగ్రహణీరోగముచే స్వల్పవ్యవధిలో గతించిరి. ఆ రోగమునకు నాఁడు సరియైన మందు లేదు. కొంతకాలము డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధకులుగా నుండి, సుబ్బారావుగారు 1922లో నమెరికాకుఁ బయనమైరి. మామగారు ధనము సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థవారును సాయము చేయుదుమని మాట యిచ్చిరి. నాయకరుగారు మన శాఖవారు గారను సంగతి యీ సభలో మఱవరానిది.

బోస్టను నగరమున హార్వర్డు విద్యాలయములోఁ జదువుచు, రాత్రులందు ఆసుపత్రిలోఁ బరిచారకులై రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపఱచి పొట్ట పోసికొనిరి. 1925లో ఫిస్కే యను నాచార్యునితోఁ గలసి రక్తమూత్రములయందలి భాస్వరమును గొలుచు విధానమును ప్రకటించిరి. నేఁటికిని రసాయనశాస్త్ర విద్యార్థు లా విధానమును వీరిరువురి పేర్లతోనే చదువుచున్నారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థములను కండరములందుఁ గనుగొనిరి. రెండవదానిని జర్మనీలో లోమన్ పండితుఁడును ఆ సంవత్సరమే స్వతంత్రముగాఁ గనుగొనెను. కండరము ముడుచుకొనుటకుఁ గావలసిన శక్తి యెచటినుండి వచ్చుచున్నదో తెలిసికొనుట కివి మార్గదర్శకము లయ్యెను. ఇంత చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన యుద్యోగము లభింపలేదు.

1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ పరిశోధనాలయమునఁ జేరి, తరువాత దాని పరిశోధనల కధిపతులైరి. అచ్చటి విద్వద్బృందము వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించి 1945లోఁ బ్రకటించెను. సోదరులను హరించిన సంగ్రహణికి అదియే యౌషధమయ్యెను. ఆ యామ్లమునకుఁ బ్రతికూలముగాఁ బనిచేయు అమినోప్టెరిన్ అను మందుతో, రక్తపు క్యాన్సరుతో బాధపడు కొందఱు శిశువులకు తాత్కాలికముగా నుపశమనము కలిగెనని 1948లో ఫార్బర్ వైద్యుఁడు వెల్లడించెను. ఆ జాతిదే యగు మెథోట్రెక్సేటు నేఁటికిని క్యాన్సరునకును, కీళ్లవాతమునకును వాడఁబడుచున్నది. 1947లో వెలువడిన హెట్రజాను ఫైలేరియా వ్యాధికి మందు. బోదకాలు బాధ నెఱిఁగిన గోదావరీతీరవాసులకు దాని విలువ చెప్ప నక్కఱలేదు. ఆరియోమైసిన్ అను క్రిమిహరౌషధమును డగ్గర్ పండితుఁడు గనుగొన్నదియు వీరి యాజమాన్యముననే.

ఇందుకు మూల్యము చెల్లించినవారు వేఱొకరు గలరు. ధర్మపత్ని శేషగిరిగారు స్వదేశముననే నిలిచిపోయిరి. భర్త పయనమైన పిదపఁ బుట్టిన కుమారుఁడు శైశవముననే గతించెను. తండ్రి యా బిడ్డ ముఖము చూడనేలేదు. దంపతులు మరలఁ గలిసికొనలేదు. 1948 ఆగస్టులో, ఏఁబదిమూఁడవ యేట, సుబ్బారావుగారు న్యూయార్కులో నాకస్మికముగా నిద్రలోనే దివంగతులైరి. ఆ సహధర్మచారిణి త్యాగమును జెప్పక విడిచినచో ఆయన చరిత్ర సగమే యగును.

సోదరులారా! 1995లో భారత ప్రభుత్వము వారి శతజయంతికి తపాలాబిళ్ల వెలువరించెను. మనము చేయవలసినది మఱియొకటి గలదు. మన విద్యానిధులు ప్రథమశ్రేణిలోఁ దేఱినవారికే తలుపు తెఱచుచున్నవి. రెండుమాఱులు తప్పిన యా బాలుఁ డిపుడు మన ద్వారమున నిలిచినచో మన మేమి చేయుదుము? తప్పిన పేదవిద్యార్థికి మఱియొక యవకాశ మిచ్చుటయు, ఆ నిధిలోఁ గొంత భాగ మితరశాఖల బిడ్డలకుఁ గేటాయించుటయు మన కర్తవ్యము. కాకినాడ ధర్మసంస్థకు మనము పడిన ఋణ మట్లుగాని తీఱదు.