జీవకణశక్తి శోధకుడు ఎల్లాప్రగడ సుబ్బారావు

వయసు పైబడిన వ్యక్తి మనవడి పేరు మరచిపోయినా, నడకలో తడబడినా అది వార్ధక్య సహజమని ఇంటివారు సరిపెట్టుకోవడం అన్ని ఊళ్ళలోనూ కనిపించేదే. నేటి వైద్యుడు అంత తొందరగా ఆ నిర్ణయానికి రాడు. చికిత్సతో తొలగిపోయే కారణం ఏదైనా ఉన్నదేమోనని ముందుగా రక్తపరీక్ష చేయిస్తాడు. ఆ పరీక్షలో బి12 విటమిన్‌ను, తరచు దానితోపాటు ఫోలిక్ ఆమ్లాన్ని కూడా చూస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రవేత్తల బృందాన్ని నడిపించినవాడు ఒక తెలుగువాడు. మెదడు పనిచేయడానికి కావలసిన శక్తి కణంలో ఏ రూపంలో ఉంటుందో లోకానికి తెలిపినవారిలో కూడా ఆయన ఒకరు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. మహామేధావుల బాల్యం అనగానే చదువులో ప్రథమశ్రేణిని ఊహించుకోవడం మనకు అలవాటు. ఈ బాలుని విషయంలో ఆ ఊహ నిలువదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని బయలుదేరాడు. తల్లి వెనుకకు రప్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి గాని గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలన్న కోరిక కలిగింది. ఆ తల్లి అందుకూ సమ్మతించలేదు. ఆమె అంత కఠినంగా నిలబడకపోతే వైద్యశాస్త్రానికి ఎంత నష్టం కలిగేదో!

మద్రాసు వైద్యకళాశాలలో చేరిన సుబ్బారావు గాంధీజీ పిలుపునకు స్పందించి, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీతో హాజరయ్యారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశం దొరకక, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు.

ఈలోగా ఆ కుటుంబంపై పెద్ద దెబ్బ పడింది. పురుషోత్తం, కృష్ణమూర్తి అనే ఇద్దరు సోదరులు రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు గ్రహించలేకపోవడం, విరేచనాలు, రక్తహీనత, క్రమంగా శరీరం శుష్కించడం దాని లక్షణాలు. అప్పటికి దానికి సరైన మందు లేదు. వైద్యవిద్య నేర్చి కూడా తోబుట్టువులను దక్కించుకోలేకపోయిన బాధ సుబ్బారావును పరిశోధన వైపు మళ్ళించింది.

1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన సహాయంతో ఆయన అమెరికాకు పయనమయ్యారు. అప్పటికి భార్య గర్భవతి. పుట్టిన మగబిడ్డ శైశవంలోనే మరణించాడు. సుబ్బారావు ఆ బిడ్డను చూడలేదు. మూడు నాలుగేళ్ళలో తిరిగివస్తానని వెళ్ళినవాడు మరి స్వదేశంలో అడుగుపెట్టలేదు. ఆ ఇల్లాలు ఎదురుచూపులతోనే బ్రతుకు వెళ్ళదీసింది. సుబ్బారావు కీర్తిని లెక్కించేవారు ఆమె త్యాగాన్ని కూడా లెక్కలో చేర్చాలి.

బోస్టన్‌లో చదువు సాగించడానికి ఆయన రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు ముగించి, జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని, రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ రూపొందించి 1925లో ప్రకటించారు. అదే ఫిస్కే - సుబ్బారావు పద్ధతి. జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా నేర్చుకుంటూ వచ్చినది అదే.

ఆ కొలమానం చేతికి రావడంతో కండరంలోని భాస్వరం రహస్యం బయటపడింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వారు గుర్తించారు. కండరం ముడుచుకున్నప్పుడు అది విడిపోతుంది. విశ్రాంతిలో మరల కూడుకుంటుంది. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు చెప్పుకుంటున్న సిద్ధాంతం దీనితో కదిలిపోయింది. 1929లో ఏటీపీ అనే మరొక పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. ఏటీపీని నిత్యం ఖర్చుపెట్టే రొక్కమనుకుంటే, ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి వెంటనే తీసుకోదగిన నిల్వ. మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులే. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శరీరం వాడుకునే శక్తిలో దాదాపు ఇరవై వంతులు దానికే పోతుంది. కండరాన్ని పరిశీలించి తెలుసుకున్న సత్యం మెదడుకు కూడా అన్వయించింది.

1930లో పిహెచ్.డి. వచ్చినా హార్వర్డ్‌లో శాశ్వతమైన ఆచార్యపదవి ఆయనకు లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అక్కడ పరిశోధనలకు సారథ్యం వహించారు. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం, రక్తక్యాన్సరుకు వాడిన అమినోప్టెరిన్, దాని తరువాతి మెథోట్రెక్సేట్ ఆ ప్రయోగశాలలో వెలువడినవే. ఒక్కొక్కటీ ఒక్కొక్క పాఠానికి చాలినంత కథ.

ఫోలిక్ ఆమ్లం కథకు మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. 1931లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతున్నదని చూపారు. అందులోని గుణకారి ఏదో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర నుండి ఆ పదార్థాన్ని సేకరించినవారు, ఆకు అన్న అర్థం గల లాటిన్ మాటతో దానికి పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు బృందం దాని నిర్మాణాన్ని తేల్చి కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చినప్పుడు వారు కోలుకున్నారు. సోదరులు పోయిన వ్యాధికి మందు దొరికింది.

అయితే అంతలోనే ఒక చిక్కు ఎదురైంది. పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడుతున్నది. కాని కాళ్ళ తిమ్మిరి, తడబాటు, మతిభ్రంశం మాత్రం ఆగడం లేదు. కొందరిలో అవి ముదిరాయి కూడా. రోగి ముఖంలో రక్తకాంతి కనిపిస్తూ ఉండగా వెన్నుపాము, మెదడులోని నాడుల పైపొర లోలోపల క్షీణిస్తున్నదన్నమాట. వారికి లోపించినది బి12. 1948లో గాని అది శుద్ధరూపంలో చేతికి రాలేదు. వార్ధక్యంలో శరీరం బి12ను సరిగా గ్రహించలేకపోవచ్చు; మాంసం, పాలు తక్కువగా తీసుకునేవారికి అసలే కొరత. అందువల్ల వృద్ధులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చేముందు బి12ను కూడా చూడడం వైద్యుల నియమమైంది.

అదే 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ళ వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే ఆయన జీవితం ముగిసింది.

ఆయన వదలివెళ్ళిన పదార్థాలు తరువాత మెదడు పరిశోధనలో ప్రవేశించాయి. గర్భధారణకు ముందు నుండి ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే శిశువు వెన్నుపాము లోపాలు చాలావరకు తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిర్ధారించింది. వార్ధక్యం విషయంలో ఫలితం అంత సూటిగా లేదు. జ్ఞాపకశక్తి కొద్దిగా సన్నగిల్లిన డెబ్బై ఏళ్ళు పైబడినవారికి ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 రెండేళ్ళు ఇవ్వగా మెదడు కుంచించుకుపోయే వేగం దాదాపు మూడవ వంతు తగ్గిందని 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించారు. 2014లో ఇరవైరెండు వేలమందితో జరిగిన పదకొండు పరీక్షలను కలిపి చూసినప్పుడు, అవే విటమిన్ల వల్ల ఆలోచనాశక్తిలో చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. లోపం ఉన్నవారికి మందు. లోపం లేనివారికి అది కొత్త యౌవనమేమీ కాదు.

ఫాస్ఫోక్రియాటిన్‌లోని క్రియాటిన్ కథ కూడా ఇటువంటిదే. పార్కిన్సన్స్ వ్యాధిలో నాడీకణాల శక్తి తరుగుతుందన్న ఊహతో అమెరికాలో 1741 మంది రోగులపై దానిని పరీక్షించారు. ప్రయోజనం లేదని తేలి 2013లో ఆ పరీక్షను ఆపివేశారు. అల్జీమర్స్ వ్యాధి ఉన్న ఇరవైమందికి ఎనిమిది వారాలపాటు క్రియాటిన్ ఇవ్వగా వారి మెదడులో దాని నిల్వ నూటికి పదకొండు వంతులు పెరిగినట్లు కాన్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో తెలిపారు. ఆ పరీక్షలో మందు లేని బృందంతో పోల్చి చూడలేదు. రోగుల జ్ఞాపకశక్తికి నిజంగా మేలు కలుగుతుందో లేదో పెద్ద పరీక్షలు తేల్చవలసి ఉంది.