న్యుమోనియా గుట్టు విప్పిన శాస్త్రవేత్త – ఆస్వాల్డ్ ఏవరీ

చలికాలం వచ్చిందంటే హాస్టళ్లలో దగ్గు, జ్వరం మామూలే. జ్వరం తగ్గకపోతే డాక్టరు గారు రక్తపరీక్ష రాస్తారు. ఆ చీటీలో ‘సి.ఆర్.పి.’ అనే మూడక్షరాలు మాలో కొందరం చూసే ఉంటాం. ఆ పరీక్షకు పునాది పడింది ఆస్వాల్డ్ థియోడర్ ఏవరీ గారి ప్రయోగశాలలో. ఆ మహనీయుని జీవితాన్ని తోటి విద్యార్థులకు పరిచయం చేయాలన్నదే మా చిన్న ప్రయత్నం.

ఏవరీ 1877 అక్టోబరు 21న కెనడాలోని హాలిఫాక్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి చర్చిలో బోధకులు. పదేళ్ల వయసులో కుటుంబంతో న్యూయార్క్ చేరారు. 1892లో ఒకే ఏడాది అన్నను, తండ్రిని కోల్పోయారు. అయినా చదువు ఆపలేదు. 1904లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందారు. డాక్టరుగా పనిచేస్తున్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బులకు సరైన మందు లేకపోవడం ఆయనను బాధించింది. అందుకే 1907లో పరిశోధన వైపు మళ్లారు. 1913లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఆసుపత్రిలో చేరి, న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ అనే సూక్ష్మజీవిపై ఏళ్ల తరబడి కృషి చేశారు. అప్పటికి యాంటిబయోటిక్ మందులు లేవు. 1923లో మైకేల్ హైడెల్‌బర్గర్‌తో కలిసి, ఈ సూక్ష్మజీవి చుట్టూ ఉండే తొడుగు చక్కెర జాతి పదార్థమని తెలియజేశారు.

1930లో ఆయన ప్రయోగశాలలోనే విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ ఒక వింత గమనించారు. న్యుమోనియా రోగి రక్తరసాన్ని ఆ సూక్ష్మజీవి నుండి తీసిన ‘సి’ అనే పదార్థంతో కలిపితే తెల్లగా విరిగి అడుగుకు దిగింది. రోగి కోలుకున్నాక అలా జరగలేదు. దీనికి కారణం రక్తంలోని ఒక ప్రోటీన్ అని 1941లో ఏవరీ బృందం చూపింది. అదే సి-రియాక్టివ్ ప్రోటీన్. దీనిని మన కాలేయం తయారు చేస్తుంది. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ వస్తే కొద్ది గంటల్లోనే పెరుగుతుంది.

పిల్లలకు దగ్గు, ఆయాసం వచ్చినప్పుడు ఈ పరీక్ష డాక్టరుకు ఒక ఆధారం. బాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియాలో సి.ఆర్.పి. సాధారణంగా బాగా పెరుగుతుంది. చాలా వైరస్ జబ్బుల్లో తక్కువగా ఉంటుంది. అయితే ఈ ఒక్క అంకె చూసి జబ్బు తేల్చలేరు. ఊపిరి లెక్కించడం అంతకన్నా ముఖ్యం. ఏడాది నుండి ఐదేళ్ల లోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తమ్ముళ్లు, చెల్లెళ్ల విషయంలో మనం ఇది గుర్తుంచుకోవాలి. ప్రతి దగ్గుకూ సొంతంగా యాంటిబయోటిక్ బిళ్లలు కొని వేయడమూ తప్పే.

ఏవరీ అక్కడితో ఆగలేదు. 1944లో మెక్లాయిడ్, మెకార్టీలతో కలిసి, వంశపారంపర్య లక్షణాలను మోసేది డి.ఎన్.ఎ. అని నిరూపించారు. అప్పటికి ఆయన వయసు 66 ఏళ్లు! ఇంత చేసినా నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. పెళ్లి చేసుకోకుండా, ఆడంబరాలకు దూరంగా జీవించిన ఆయన 1955 ఫిబ్రవరి 20న నాష్‌విల్ నగరంలో కన్నుమూశారు.

బహుమతి రాకపోయినా ఆయన పని నేటికీ పిల్లల ప్రాణాలకు అండగా నిలుస్తోంది. చిన్న వయసులో తండ్రి దూరమైనా చదువును వదలకపోవడం, ఒకే విషయాన్ని ఓపికగా పట్టుకుని సాధించడం – ఈ రెండూ ఏవరీ గారి నుండి మేము నేర్చుకున్న పాఠాలు.