నిజాం కార్లు తుప్పు పట్టాయి.. వారసత్వంపై వాదం ఆగలేదు

ఫిబ్రవరి 24న ఏడో నిజాం వర్ధంతి

హైదరాబాద్: చౌమహల్లా ప్యాలెస్‌కు వచ్చే సందర్శకులు ఎక్కువ సేపు నిలబడేది పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందే. వెనుక భాగంలో సింహాసనాన్ని తలపించే ఎత్తయిన ఆసనం ఈ కారు ప్రత్యేకత. ఆ కారులో ఊరేగిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూసి అర్ధశతాబ్దం దాటింది. ఆయన వదిలి వెళ్లిన ఆస్తిపై వ్యాజ్యాలు ఖండాంతరాలకు పాకాయి. ఆయన పాలన మేలా, కీడా అన్న చర్చ తెలంగాణ పల్లెల్లో నేటికీ సాగుతూనే ఉంది.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న మరణించడంతో పాతికేళ్ల వయసులో గద్దెనెక్కారు. కోటికి పైగా జనాభా, తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసిన సంస్థానం ఆయన చేతికి వచ్చింది. ఇంగ్లండ్‌లో తయారు చేయించేందుకు తండ్రి ఆర్డరు ఇచ్చిన సిల్వర్ ఘోస్ట్ కారు ఆయన మరణానంతరమే నగరానికి చేరింది. బార్కర్ సంస్థ దాని బాడీని రూపొందించింది. వేడుకలకు మాత్రమే బయటకు తీసే ఆ వాహనం చాలా కొద్ది దూరమే తిరిగింది.

కోటలో కార్లు.. ఒంటిపై పాత షేర్వాణీ

తరువాతి కాలంలో కింగ్‌కోఠి వాహనశాలలో కార్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. దర్బారుకు వచ్చే అమీర్లు, జాగీర్దార్లు ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు నజరానాగా సమర్పించుకోవడం ఆనవాయితీ. ఎవరి వద్దనైనా మంచి కారు ప్రభువు కంటపడితే అదీ నజరానా కింద కోటకు చేరేదని పాత నగరంలో కథలుగా చెప్పుకొంటారు.

1937లో ఆయన పాలనకు రజతోత్సవాలు జరిగాయి. అదే ఏడాది ఫిబ్రవరి 22న అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఆయన చిత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించి ప్రపంచంలోనే అత్యంత ధనవంతునిగా పేర్కొంది. అంతటి ధనికుడు పాత టోపీ, వెలిసిన షేర్వాణీతో కాలం గడిపారు. 184 కారెట్లకు పైగా బరువున్న జాకబ్ వజ్రాన్ని కాగితాలపై బరువుగా వాడారన్న మాట ఆయన పేరుతో పాటే వినిపిస్తుంది.

1967 ఫిబ్రవరి 24న నిజాం కింగ్‌కోఠిలో తుదిశ్వాస విడిచారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు. కుమారులను కాదని మనుమడు ముకర్రంజాను ఆయన వారసునిగా ఎంచుకున్నారు. ముకర్రంజా బాధ్యతలు స్వీకరించి లెక్కలు చూసేసరికి 60 వరకు కార్లకు పెట్రోలు, విడిభాగాల ఖర్చు రాస్తుండగా నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని తేలింది. మిగిలినవి షెడ్లలోనే తుప్పు పట్టాయి. పోగుచేయడంలో ఉన్న శ్రద్ధ కాపాడడంలో లేకపోయిందనడానికి ఈ వాహనశాలే నిదర్శనం.

పల్లెకు బస్సు, పొలానికి నీరు

ఖజానా సొమ్ముతో ప్రజలకు చేరిన వాహనాలూ ఉన్నాయి. 1932 జూన్‌లో నిజాం రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. ఆర్టీసీకి మూలం అదే. ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేట్లపై కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం జ్ఞాపకార్థం వచ్చిందన్న ప్రచారం జనంలో ఉంది.

1908 మూసీ వరదల అనంతరం రూపొందిన పథకాల్లో భాగంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీరా నదిపై నిర్మించిన నిజాంసాగర్ 1931లో పూర్తయి ఇందూరు రైతు పొలాలకు నీరిచ్చింది. ఆ నీటితో పండిన చెరకు ఆధారంగా 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసింది. మూడు తరాల రైతులకు అండగా నిలిచిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది.

వెట్టి, రజాకార్ల చీకటి

ఇది ఒక పార్శ్వం. సంస్థానంలో సుమారు పదో వంతు భూమి సర్ఫేఖాస్ పేరిట నిజాం సొంత కమతం. దానిపై రాబడి నేరుగా ఆయన ఖజానాకే చేరేది. జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల చేతుల్లోని గ్రామాల్లో వెట్టిచాకిరీ రాజ్యమేలింది. జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష అయిన తెలుగుకు కొలువులో చోటు దక్కలేదు. సభ జరుపుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 కింద అనుమతి తప్పనిసరి. ఈ నిర్బంధాల నడుమనే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది.

1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరగడంతో రైతాంగ పోరాటం సాయుధ రూపం దాల్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం భారత్‌లో చేరేందుకు అంగీకరించలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్లపై విరుచుకుపడుతున్నా అడ్డుకోలేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో గ్రామస్థులు హతమయ్యారు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించగా, 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. 1950 నుంచి 1956 వరకు రాజ్‌ప్రముఖ్‌గా కొనసాగారు.

లండన్ దాకా పోయిన తగాదా

సైనిక చర్య ముగింపు దశలో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న పది లక్షల పౌండ్లకు పైగా సొమ్మును నిజాం ప్రభుత్వ ప్రతినిధి ఒకరు పాకిస్థాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ చేశారు. తన అనుమతి లేదంటూ నిజాం ఆ సొమ్మును తిరిగి కోరారు. ఆయన జీవించినంత కాలం అది తేలలేదు. వడ్డీతో కలిసి మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ మొత్తం భారత ప్రభుత్వానికి, నిజాం మనుమలు ఇద్దరికి చెందుతుందని 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇతర వారసుల అభ్యంతరాలను 2020లో తిరస్కరించింది.

నగల విషయమూ అంతే. నిజాం ట్రస్టుల కింద భద్రపరచిన 173 ఆభరణాలను సుదీర్ఘ న్యాయపోరాటం తరువాత 1995లో కేంద్రం రూ.218 కోట్లకు కొనుగోలు చేసింది. 1965లో దేశ రక్షణకు 5 వేల కిలోల బంగారం విరాళమిచ్చారన్న ప్రచారంలోనూ వాస్తవం వేరు. ఆయన 425 కిలోల బంగారాన్ని వడ్డీ వచ్చే జాతీయ రక్షణ బాండ్లలో పెట్టుబడిగా పెట్టారు.

ఆస్తులను పంచుకోవడంలో ముకర్రంజా జీవితం సగం కరిగిపోయింది. 2023 జనవరి 14న ఆయన ఇస్తాంబుల్‌లో మరణించగా మక్కా మసీదులో అంత్యక్రియలు జరిగాయి. ఆయన మొదటి భార్య ఎస్రా చొరవతో పునరుద్ధరించిన చౌమహల్లా 2005 నుంచి ప్రజల సందర్శనకు తెరుచుకుంది.

రెండు లెక్కలూ ఉండాల్సిందే

సెప్టెంబరు 17కు ఏ పేరు పెట్టాలన్న దానిపై నేటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. విమోచనమని కొందరు, విలీనమని మరికొందరు వాదిస్తున్నారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. నిజాంసాగర్ కాలువ కింద నాట్లు వేసే రైతుకు నిజాం ఒకలా గుర్తుంటారు. బైరాన్‌పల్లి బురుజు వద్ద అమరులకు నివాళులర్పించే కుటుంబాలకు మరోలా గుర్తుంటారు. ఒకరి జ్ఞాపకం కోసం మరొకరి జ్ఞాపకాన్ని చెరిపివేయడం చరిత్ర కాజాలదు. కోర్టులు తేల్చగలిగింది నగలు, నగదు, కోటల సంగతి మాత్రమే. మిగిలిన వారసత్వం ఎవరి పేరిటా పట్టా కాలేదు. అది ఈ ప్రాంత ప్రజలందరి ఉమ్మడి ఖాతాలో జమగానూ, బాకీగానూ నిలిచి ఉంది.