నిన్న రాత్రి నడిచింది, ఇవాళ పొద్దున నడవదు

పోయిన సంచిక నాలుగు రోజులు లేటుగా వచ్చింది, గుర్తుందా? అందరూ ఎడిటర్లని తిట్టారు. తప్పు ఎడిటర్లది కాదు, మా సర్వర్‌ది. ఈ పత్రిక ఉండేది డిపార్ట్‌మెంట్‌లో ఓ మూల పడున్న పాత లైనక్స్ డబ్బాలో. ఒక రాత్రి కెర్నల్ అప్‌డేట్ చేసి, రీబూట్ కొట్టి, హాస్టల్‌కొచ్చి పడుకున్నాం. పొద్దున చూస్తే నెట్‌వర్క్ లేదు. ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే కార్డు కనిపిస్తోంది, దాని డ్రైవర్ మాత్రం లోడ్ అవ్వలేదు. ఎవరో సీనియర్ ఆ డ్రైవర్‌ని అప్పటి కెర్నల్‌కి చేత్తో కంపైల్ చేసి పెట్టి వెళ్ళాడు. కెర్నల్ మారేసరికి కార్డుకీ దానికీ జాతకాలు కలవలేదు. ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తలేదు, నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతున్నాడట. చివరికి గ్రబ్‌లో పాత కెర్నల్‌తో బూట్ చేసి, డ్రైవర్‌ని కొత్త కెర్నల్‌కి మళ్ళీ కంపైల్ చేసి, ఇకముందు కెర్నల్ మారినప్పుడల్లా అదే కంపైల్ అయ్యేలా డీకేఎంఎస్‌లో పెట్టాం. మధ్యలో రెండు మిడ్ ఎగ్జామ్స్ కూడా రాశాం కాబట్టి నాలుగు రోజులు పట్టింది.

ఆ నాలుగు రోజుల్లోనే నేను గ్రేస్ హాపర్ గురించి చదివాను. దాదాపు ఎనభై ఏళ్ళ క్రితం ఆవిడకీ అచ్చం ఇదే జరిగింది. మేము డీకేఎంఎస్‌తో సరిపెట్టుకున్నాం. ఆవిడ మాత్రం మిగతా జీవితమంతా ఈ ఒక్క సమస్య మీదే పెట్టారు.

గ్రేస్ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది. ఏడేళ్ళప్పుడు అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని ఒకటి విప్పేసింది. మళ్ళీ బిగించడం రాలేదు. ఇంకోటి విప్పి చూస్తే తెలుస్తుందనుకుని ఇంకోటి విప్పింది. అలా ఇంట్లో ఏడు గడియారాలు అయ్యాక వాళ్ళమ్మ కంట్లో పడింది. వేసిన శిక్ష ఏంటంటే, ఇకనుంచి ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకోవాలి! మన ఇళ్ళల్లో అయితే ఏడో గడియారం దాకా వచ్చేది కాదు వ్యవహారం.

చదువు సంగతి తొందరగా చెప్పేస్తా. లాటిన్ పరీక్ష తప్పడంతో కాలేజీలో చేరడం ఒక ఏడాది ఆలస్యమైంది. (బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు గమనించగలరు.) 1928లో వాసర్ కాలేజీలో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో డిగ్రీ, 1934లో యేల్‌లో మ్యాథ్స్‌లో పీహెచ్‌డీ. 1931 నుంచే వాసర్‌లో పాఠాలు చెప్పేవారు. 1930లో విన్సెంట్ హాపర్‌ని పెళ్ళి చేసుకున్నారు, 1945లో విడాకులయ్యాయి. ఆ ఇంటిపేరు మాత్రం చివరిదాకా ఉండిపోయింది.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. ఆవిడ ముత్తాత నేవీలో రియర్ అడ్మిరల్. తానూ నేవీలో చేరతానంటే మూడు అడ్డంకులు చెప్పారు: వయసు ఎక్కువ, బరువు తక్కువ, పైగా లెక్కల ప్రొఫెసర్‌గా కాలేజీలో ఉంటేనే దేశానికి ఎక్కువ ఉపయోగం. ఉండాల్సిన బరువుకన్నా 15 పౌన్లు, అంటే దగ్గరదగ్గర 7 కిలోలు తక్కువ ఉన్నారు. అయినా పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకుని 1943లో చేరారు. ట్రైనింగ్‌లో ఫస్ట్ వచ్చారు. 1944 జూలైలో హార్వర్డ్‌లో హోవర్డ్ ఐకెన్ దగ్గరికి పంపారు.

అక్కడ ఉన్నది మార్క్ 1. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. లోపల రిలేలు, తిరిగే షాఫ్టులు, చక్రాలు. సెకనుకి మూడు కూడికలు చేస్తుంది, ఒక గుణకారానికి ఆరు సెకన్ల దాకా తీసుకుంటుంది. ప్రోగ్రామ్ అంటే కాగితం టేపు మీద రంధ్రాలు. ఏ రంధ్రం ఏ రిలేని కదిలిస్తుందో తెలిస్తేనే ప్రోగ్రామ్ రాయగలరు. హార్డ్‌వేర్ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు అనే గీత అప్పటికి ఎవరూ గీయలేదు. ఐకెన్ మొదటి రోజే ఆవిడకో లెక్క ఇచ్చి వారం గడువు పెట్టాడు. మాన్యువల్ లేదు, ఎందుకంటే ఎవరూ రాయలేదు. తర్వాత ఐకెన్ దాన్నీ ఆవిడ చేతే రాయించాడు. 1946లో అచ్చయింది, 561 పేజీలు.

మా కథలాంటి కథ ఇక్కడే జరిగింది. అదే ల్యాబ్‌లో రిచర్డ్ బ్లాక్ అనే ఇంకో ఆఫీసర్ ఉండేవాడు. చాలా తెలివైనవాడు, మెషీన్‌ని ఎప్పుడూ మెరుగుపరుస్తూనే ఉండేవాడు. రాత్రిపూట కూర్చుని సర్క్యూట్లు మార్చేవాడు. నిన్న రాత్రి చక్కగా నడిచిన హాపర్ ప్రోగ్రామ్ పొద్దున వచ్చేసరికి నడిచేది కాదు. ఏం మార్చావని అడుగుదామంటే ఆయన ఇంట్లో నిద్రపోతుండేవాడు! ఇది చదివి మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

అయితే అక్కడ ఆలస్యమయ్యేది కాలేజీ పత్రిక కాదు. అవన్నీ యుద్ధం లెక్కలు, మెషీన్ రాత్రింబవళ్ళు నడవాల్సిందే. 1944లో వాన్ నాయ్‌మన్ ఒక లెక్క పట్టుకొచ్చాడు. అది అణుబాంబు లోపలి పేలుడుకి సంబంధించిందని అక్కడ పనిచేసేవాళ్ళకి అప్పుడు చెప్పలేదు.

ఇక ఆ పురుగు కథ. 1947 సెప్టెంబర్ 9న మార్క్ 2 ఆగిపోతే వెతికారు. ప్యానెల్ ఎఫ్, 70వ నంబర్ రిలేలో ఒక రెక్కల పురుగు చిక్కుకుని ఉంది. దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. ఆ పేజీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. బగ్ అనే మాట హాపర్‌తోనే పుట్టిందని మన సెమినార్లలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు స్లయిడ్ వేస్తారు. అది నిజం కాదు. ఆ పురుగుని పట్టింది ఆవిడ కాదు, మాట ఎడిసన్ కాలం నుంచీ ఉంది. ఆ మాట ముందే వాడుకలో ఉంది కాబట్టే నిజం పురుగు దొరికినప్పుడు వాళ్ళకి నవ్వొచ్చి లాగ్‌బుక్‌లో జోకు రాసుకున్నారు. ఆవిడ చేసిందల్లా ఈ కథని జీవితాంతం అందరికీ చెప్పడం.

నాకు పురుగు కన్నా ఆ నోటుబుక్కుల సంగతి ముఖ్యమనిపించింది. సరిగ్గా పనిచేసిన కోడ్ ముక్కల్ని వాళ్ళు పుస్తకాల్లో రాసి పెట్టుకునేవారు. అవసరమైనప్పుడు చూసి కాపీ చేసుకునేవారు. మనుషులు కాపీ చేయడంలో ఎంత ఘోరమో ఆవిడకి అప్పుడే తెలిసింది. బీ అక్షరం 13 అయిపోయేది, డెల్టా 4 అయిపోయేది. ఈ కాపీ పని మెషీనే చేసుకుంటే?

1949లో హార్వర్డ్ వదలాల్సి వచ్చింది, అక్కడ ఆడవాళ్ళకి శాశ్వత ఉద్యోగం ఇచ్చేవారు కాదు. ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాచ్లీ పెట్టిన చిన్న కంపెనీలో చేరారు. యూనివాక్ తయారుచేస్తున్నది వాళ్ళే. ఆ రోజులు మంచివి కావు. కంపెనీ దివాలా అంచున ఉంది. విడాకులు, యుద్ధంనాటి అలసట, వాటి వెంట తాగుడు. 1949 చివర్లో తాగి పోలీసులకి పట్టుబడే దాకా వెళ్ళింది. పోస్టర్ల మీద యూనిఫాంలో కనిపించే అడ్మిరల్ ఈ దారిలో నడిచొచ్చారని ఎవరూ చెప్పరు. మూడేళ్ళు తిరక్కుండానే అదే మనిషి కంపైలర్ చేశారు.

పేరు ఏ-0. సబ్‌రొటీన్లన్నీ ఒక టేపు మీద నంబర్లతో ఉంటాయి. ప్రోగ్రామర్ నంబర్లు ఇస్తే చాలు, మెషీనే వాటిని తెచ్చి, అడ్రసులు సరిచేసి ఒక్క ప్రోగ్రామ్‌గా కలిపేస్తుంది. నిజం చెప్పాలంటే ఇవాళ్టి లెక్కలో అది కంపైలర్ కన్నా లింకర్, లోడర్‌కి దగ్గర. మధ్యలో ఒక చిక్కొచ్చింది: ఇంకా రాని చోటుకి ముందుకి జంప్ ఎలా? దానికి జవాబు ఆవిడ కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్‌లో దొరికింది. అప్పటి ఆడపిల్లల రూల్స్ ప్రకారం బంతితో ముందుకి పరుగెత్తకూడదు. పక్కమనిషికి విసిరి, నువ్వు ముందుకెళ్ళి, మళ్ళీ తీసుకోవాలి. అలాగే ముందు మెమరీ చివర ఒక మూలకి జంప్ పెట్టేసి, అసలు అడ్రస్ తెలిశాక ఆ మూల నుంచి అక్కడికి ఇంకో జంప్ పెట్టారు. 1952లో పేపర్ చదివారు. చాలామంది నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రామ్ రాయడమేంటన్నారు.

తర్వాత ఇంగ్లీష్ మాటలతో ప్రోగ్రామ్ రాసే ఫ్లో-మ్యాటిక్. బడ్జెట్ అడగడానికి మేనేజ్‌మెంట్‌కి డెమో ఇస్తూ, అదే ప్రోగ్రామ్‌ని ఫ్రెంచ్ మాటలతో, జర్మన్ మాటలతో కూడా నడిపి చూపించారు. మెషీన్‌కి అన్నీ గుర్తులే, ఏ భాషైతే ఏంటి? పెద్దలు హడలిపోయారు. అమెరికాలో, ఫిలడెల్ఫియాలో తయారైన కంప్యూటర్‌కి ఫ్రెంచ్, జర్మన్ రావడమేంటని! ఇంగ్లీష్ ఒక్కటే పెడతామని నచ్చజెప్పేసరికి నెలలు పట్టింది. మొదటి క్లాసు నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఈ వ్యాసంలో ఒత్తులు టైప్ చేయడానికి చెమటలు కక్కుతున్న నాకు ఈ డెమో ఆగిపోవడం కొంచెం బాధనిపించింది.

అప్పటికి కంప్యూటర్ కంపెనీలు పెరిగాయి. ఒకరి మెషీన్‌కి రాసిన ప్రోగ్రామ్ ఇంకొకరి మెషీన్ మీద నడవదు. కొత్త మెషీన్ కొంటే మొత్తం మళ్ళీ రాయాలి. 1959 సర్వేలో సగటున ఒక చోట ప్రోగ్రామింగ్‌కి 8 లక్షల డాలర్లు అయితే, వాటిని కొత్త హార్డ్‌వేర్‌కి మార్చడానికి 6 లక్షలు అవుతాయని తేలింది. అంటే బ్లాక్ రాత్రిపూట చేసిన పనే ఇప్పుడు కంపెనీలన్నీ పెద్ద ఎత్తున చేస్తున్నాయన్నమాట. అదే ఏడాది మే నెలలో పెంటగాన్‌లో అందరూ కూర్చుని ఉమ్మడి భాష ఒకటి కావాలని నిర్ణయించారు. అదే కోబాల్. దాన్ని హాపర్ ఒక్కరే రాయలేదు, కమిటీ రాసింది. ఆవిడ సాంకేతిక సలహాదారు. కానీ పునాదిలో ఎక్కువ భాగం ఫ్లో-మ్యాటిక్‌దే.

కోబాల్ ప్రోగ్రామ్‌లో నాలుగు డివిజన్లు ఉంటాయి. అందులో ఎన్విరాన్‌మెంట్ డివిజన్ అని ఒకటి. ఏ కంప్యూటర్ మీద కంపైల్ చేస్తున్నాం, ఏ కంప్యూటర్ మీద నడుస్తుంది, ఏ ఫైల్ ఏ పరికరం మీద ఉంది - మెషీన్ గొడవలన్నీ అందులోనే రాయాలి. అసలు లాజిక్ ఉండే ప్రొసీజర్ డివిజన్‌లోకి ఆ గొడవ వీలైనంత వరకూ రాకూడదు. మన లైనక్స్‌లో ప్రోగ్రామ్ ఫైల్ తెరవమంటే, కింద ఏ కంపెనీ డిస్కు ఉందో దానికి అక్కర్లేదు, డ్రైవర్ చూసుకుంటుంది. పద్ధతి వేరే గానీ ఉద్దేశం ఒకటే. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామ్ చిన్నచిన్న మార్పులతో ఆర్‌సీఏ మెషీన్ మీదా, యూనివాక్ మీదా నడిచింది. రెండు వేర్వేరు కంపెనీలు, రెండు వేర్వేరు హార్డ్‌వేర్లు.

ఈ కోబాల్‌తో మనవాళ్ళకీ ఒక చుట్టరికం ఉంది. జాగా ఆదా చేయడానికి పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసేవారు. 2000 దగ్గరపడేసరికి వాటిని సరిచేసేవాళ్ళు కావాల్సొచ్చారు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కిన మామయ్యో బాబాయో మనలో చాలామంది ఇళ్ళల్లో ఉంటారు.

1966లో నేవీ ఆవిడని రిటైర్ చేసింది. ఏడాది తిరక్కుండానే, 1967 ఆగస్టులో, ఆరు నెలల పనుందని వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు దాదాపు పంతొమ్మిదేళ్ళు సాగాయి. పనేంటంటే, అందరూ మాది కోబాలే అంటున్నారు, కానీ ఎవరి కోబాల్ వాళ్ళదే. నేవీలో ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి మారిస్తే మళ్ళీ మొదటికొస్తోంది. హాపర్ బృందం పరీక్ష ప్రోగ్రాములు రాసింది. నీ కంపైలర్ నిజంగా స్టాండర్డ్ ప్రకారం ఉంటే ఇవన్నీ పాస్ అవ్వాలి. మాటలొద్దు, రన్ చేసి చూపించు. ఈ పరీక్షల వల్లే కోబాల్ యాసలు ఒకదానికొకటి దగ్గరికొచ్చాయి. తర్వాత ఆ పరీక్షల బాధ్యతని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ తీసుకుంది. ఇవాళ సర్వర్ కొనేముందు, ఈ లైనక్స్ మీద పరీక్షించి సరిపడిందన్న హార్డ్‌వేర్ లిస్టు చూసుకుంటాం కదా (మేం చూసుకోలేదు, ఉచితంగా వచ్చింది కాబట్టి), అది ఈ తరహా ఆలోచనే.

పెద్ద పెద్ద మెషీన్ల మీద ఆవిడకి మోజు తగ్గింది. ఒక ఎద్దు దుంగని లాగలేకపోతే ఇంకా పెద్ద ఎద్దుని పెంచరు, రెండో ఎద్దుని కడతారు. అలాగే చిన్న కంప్యూటర్లని కలిపి వాడమని చెప్పేవారు. లెక్చర్లకి వెళ్ళినప్పుడు అడుగు కన్నా కొంచెం తక్కువ పొడవున్న తీగముక్కలు పంచేవారు. కాంతి ఒక నానోసెకనులో వెళ్ళే దూరం అది. ఆఫీసులో గోడ గడియారం వెనక్కి తిరిగేది. ఇన్నాళ్ళూ ఇలాగే చేశాం అనేవాళ్ళకి అది జవాబు. విప్పిన గడియారాలు ఏడూ ఎక్కడికి పోయాయో గానీ, ఈ ఒక్కటి బాగా పనిచేసింది.

1985లో రియర్ అడ్మిరల్ హోదా వచ్చింది, ముత్తాతగారి హోదానే. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ ఓడ మీద రిటైరయ్యారు. అప్పటికి 79 ఏళ్ళు, సర్వీసులో ఉన్న అందరు ఆఫీసర్లలోకీ పెద్ద. వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా చేరారు. 1992 జనవరి 1న పోయారు. ఆర్లింగ్టన్ స్మశానంలో ఖననం చేశారు.

తర్వాత అమెరికా నేవీ ఒక యుద్ధనౌకకి ఆవిడ పేరు పెట్టింది. దాని నంబర్ 70. పురుగు దొరికిన రిలే నంబరూ అదే, కావాలని పెట్టారో లేదో గానీ నాకు నచ్చింది. 2022లో ఎన్‌విడియా తన సర్వర్ జీపీయూలకి హాపర్ అని పేరు పెట్టింది. మన ప్రాజెక్టు స్లయిడ్లలో కనిపించే హెచ్100 ఆ కుటుంబంలోదే. దాన్ని లైనక్స్ సర్వర్‌లో పెట్టాలంటే డ్రైవర్ మాడ్యూల్ కెర్నల్ వెర్షన్‌కి సరిపోవాలి. కెర్నల్ అప్‌డేట్ చేసి, మాడ్యూల్‌ని మళ్ళీ కంపైల్ చేయడం మర్చిపోతే పొద్దున్నకి హాపర్ కనిపించదు.

మా డబ్బాలో అలాంటి కార్డు లేదు లెండి.