అయిదు మైళ్లలో దొరికే మందిరం

మేము పరిచర్యకు వెళ్లిన అనేక గ్రామాల్లో కొత్త మందిరాలు లేస్తున్నాయి. సంతోషమే. కానీ కొన్నిచోట్ల గోడలకంటే ముందు అప్పు లేస్తోంది. కూలి చేసి కానుక వేసిన విధవరాలు వేసవి ఆరాధనలో ఆ స్లాబు కిందే ఉక్కిపోతోంది. అందుకే ఈ వారం లారీ బేకర్ జీవితాన్ని మీ ముందుంచుతున్నాం.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెథడిస్టు కుటుంబంలో పుట్టి, యవ్వనంలో క్వేకర్ల సహవాసంలో చేరారు. భవన నిర్మాణ శాస్త్రం చదివారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టక, అంబులెన్సు దళంతో చైనా వెళ్లి కుష్ఠురోగులకు సేవ చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపలే దొరకాలన్న గాంధీజీ తలంపు ఆయన హృదయంలో నాటుకుంది.

1945లో కుష్ఠురోగుల పరిచర్యకై మన దేశం వచ్చారు. 1948లో డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ను వివాహమాడి, హిమాలయ ప్రాంతమైన పిథోరాగఢ్‌లో ఆమెతో కలిసి ఆస్పత్రి కట్టి, దాదాపు పదహారేళ్లు సేవచేశారు. పట్నంలో నేర్చిన చదువు ఆ కొండలమీద చాలలేదు. స్థానిక రాయి, మట్టి, కర్రతో ఇళ్లు కట్టే పల్లె మనుషుల దగ్గర ఆయన మళ్లీ విద్యార్థి అయ్యారు.

1963లో కేరళ చేరాక ఆ కొండ ఇళ్లను అక్కడికి మోసుకుపోలేదు. ఉక్కకు ఇటుక జాలీలు, వానకు ఏటవాలు కప్పులు వాడారు. ఇటుకలను అంచుమీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలే ఎలుకబోను కట్టుబడితో సుమారు నాలుగోవంతు ఇటుకలు మిగిల్చారు. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని అడ్డుకుంటుంది. స్లాబులో పాత పెంకులు పొదిగి కాంక్రీటు తగ్గించారు. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం, లొయోలా చాపెల్ ఆయన కట్టినవే. భారత పౌరసత్వం, 1990లో పద్మశ్రీ పొందారు. 2007 ఏప్రిల్ 1న ప్రభువు పిలుపునందుకున్నారు.

అయితే బేకర్ గోడను చూసి అలాగే కట్టేస్తే ఆయనను అర్థం చేసుకున్నట్టు కాదు. కేరళ వాన వేరు, మన ఎండ వేరు. మనకు తాండూరు బండ, కడప రాయి, మన మేస్త్రీల చేతిపని ఉన్నాయి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పారు గదా! సంఘ కమిటీలు ప్లాను గీయించకముందే మన ఊళ్లో ఏమి దొరుకుతుంది, మన తాతల ఇల్లు చల్లగా ఎందుకుండేది, ఈ భారం ఎవరి భుజాన పడుతుంది అని ప్రార్థనాపూర్వకంగా ఆలోచించాలని కోరుతున్నాం.