గుండెకు బదులు యంత్రము

1903లో ఫిలడెల్ఫియాలో జన్మించిన జాన్ గిబ్బన్ ఒకప్పుడు రచయిత కావలెనని తలచెను, వైద్యుడయ్యెను.

1931లో బోస్టన్‌లో, ఊపిరితిత్తుల రక్తనాళమున గడ్డ అడ్డుపడిన ఒక రోగిణిని రాత్రియెల్ల కనిపెట్టుకొని కూర్చుండెను. శస్త్రచికిత్స జరిగినను ఆమె దక్కలేదు. రక్తమును వెలుపలికి తెచ్చి, ప్రాణవాయువు చేర్చి, తిరిగి దేహములోనికి పంపు యంత్రమున్నచో బ్రతికెడిదే కదా యని ఆయన పరితపించెను. పెద్దలు పెదవి విరిచిరి. భార్య మేరీ మాత్రము పిల్లులపై జరిపిన ప్రయోగములలో తోడు నిలిచెను. నడుమ యుద్ధసేవతో 22 ఏండ్లు గడచెను.

1953 మే 6న ఒక యువతి గుండెలోని రంధ్రమును కుట్టునపుడు, 26 నిమిషములు ఆ యంత్రమే ఆమెకు గుండెయు, ఊపిరితిత్తులును. ఆమె కోలుకొనెను. తరువాతి రోగులు మరణింపగా గిబ్బన్ మనసు విరిగి ఆ చికిత్స మానెను, ఇతరులు కొనసాగించిరి. నేడు హైదరాబాదు ఆసుపత్రులలో గుండె విఫలమైన రోగిని కొన్నాళ్లు నిలుపు ఎక్మో ఆ యంత్రపు సంతతియే.

1973లో టెన్నిసు ఆడుచు ఆయన గుండెపోటుతో మరణించెను.