గుమాస్తాయైన గ్రంథకర్త

షేక్స్పియరు కథలను మాయొద్ద చదువు బాలురలో, వానిని వ్రాసిన చార్లెస్ లాంబు పగలెల్ల లెక్కలు వ్రాసిన గుమాస్తాయని యెందరెరుగుదురు? ఆతడు 1775లో లండనున జన్మించెను. సహాధ్యాయి కోల్రిడ్జివలె కవియగుటయే కోరిక. నత్తిచే విశ్వవిద్యాలయపు చదువు కందక, 1792లో పదునేడవయేట ఈస్టిండియా కంపెనీ కచ్చేరీలో కుదిరెను.

1796 సెప్టెంబరులో అక్క మేరీ మతిభ్రమచే కన్నతల్లిని పొడిచి చంపెను. ఇరువదియొక్క యేండ్ల తమ్ముడు, ఆమెను జీవితాంతము పిచ్చాసుపత్రిలో నుంచనొల్లక, తానే పూటపడెను. తండ్రి మరణానంతరము ఇంటికి తెచ్చుకొనెను. వివాహమాడలేదు. ఇక జీతము విడుచుటెట్లు? ఆ కొలువును సంతోషముగా చేసెనని మేము చెప్పజాలము. మిత్రులకు వ్రాసిన జాబులనిండ విసుగే.

1806లో ఆతని ప్రహసనము తొలిరాత్రియే కూలెను. ప్రేక్షకులతోపాటు తానును ఈసడించెనట! మరునాడు పొయ్యి రాజినది జీతముచేతనే. మరుసటి యేడు షేక్స్పియరు కథలు వెలువడెను. విషాదాంతములు మాత్రమే ఆతనివి, తక్కినవి మేరీవి. ముఖపత్రమున నామె పేరులేదు.

ఎలియా పేరిట వ్యాసములారంభించునాటికి ఆతనికి నలుబదియైదేండ్లు. 1825లో ముప్పదిమూడేండ్ల కొలువు ముగిసి, ఏటికి 441 పౌనుల పింఛను వచ్చెను. కోరిన తీరిక దొరకినను, పాత బల్లయొద్దకు పోయి తోడివారిని చూచివచ్చుచుండెను. 1834లో ఆతడు గతించగా, భార్యకిచ్చు రీతిని కంపెనీవారు మేరీకి పింఛను నిచ్చిరి.